పావుకేజీ కొనేవాళ్ళ లాక్‌డౌన్

(మంగళగిరిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక సాయంత్రం, కిరాణా కొట్టు నడిపే ఒక మహిళ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎత్తి రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. మైకు ఇంకొంచెం కిందికి దించండి, నేను పొట్టిదాన్ని. ఆ, చాలు.

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు వద్దనే అన్నాను. నిన్న ఇక్కడ డాక్టరు గారు మాట్లాడారు, మొన్న లెక్చరర్ గారు మాట్లాడారు. నేనేం మాట్లాడతాను? పొద్దున ఐదున్నరకి షట్టర్ ఎత్తుతాను, రాత్రి తొమ్మిదిన్నరకి దించుతాను. మధ్యలో నేను మాట్లాడే మాటలు మూడే మూడు. ఎంత కావాలి, చిల్లర లేదు, రేపొస్తుంది. అదే చెప్పాను లైబ్రేరియన్ గారితో. ఆయన ఏమన్నారంటే, లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే తలుపు తీసుకుని కూర్చున్నది మీరేగా, మీరు చూసింది చెప్పండి అన్నారు. అది నిజమే కదా అనిపించింది. అందుకని వచ్చాను. చదివి చెప్పేది నా దగ్గరేం లేదు. కౌంటర్ వెనక నుంచి చూసిందే.

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ అన్నారు గుర్తుందా? పొద్దున ఏడింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా. సాయంత్రం ఐదింటికి చప్పట్లు కొట్టమన్నారు. మా వీధిలో ఒకాయన పెళ్ళినాటి ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో కొట్టీ కొట్టీ సొట్ట పెట్టాడు. వాళ్ళావిడ ఇప్పటికీ ఆ సొట్ట చూపించి తిడుతుంది. అప్పుడు మాకదంతా ఒక పండగలాగే ఉంది. ఆ సాయంత్రమే మన రాష్ట్రంలో 31 దాకా బందు అన్నారు, అవతల తెలంగాణలోనూ అలాగే అన్నారు. సరే, పది రోజులే కదా అనుకున్నాం. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ప్రధాని గారు టీవీలోకొచ్చి దేశమంతా 21 రోజులు అన్నారు. ఆ మాట అయ్యీ అవ్వగానే, ఎనిమిదిన్నర కూడా అయిందో లేదో, నా షట్టర్ మీద దబదబా బాదుడు.

తెల్లవారితే ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని అర్థమట, మా పక్కింటి పంతులు గారు చెప్పారు. పేరుకు తగ్గట్టే వచ్చిందమ్మా అన్నారు. ఆ రాత్రి వచ్చినవాళ్ళలో ఒక్కరైనా పచ్చడికి బెల్లం అడుగుతారేమో అనుకున్నాను. బెల్లం ఒకరిద్దరు అడిగారు. మిగతా అందరూ బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, పప్పులు. ఒకాయన గోధుమ పిండి ఐదు కేజీల ప్యాకెట్లు ఆరు తీసుకున్నాడు. వాళ్ళింట్లో ఉండేది ముగ్గురు. ఏవండీ, ముప్ఫై కేజీల పిండి ఏం చేసుకుంటారండీ అంటే, ముందు చూపు ఉండాలమ్మా అన్నాడు. మే నెలలో పురుగు పట్టిందని తిరిగి తెచ్చాడు. తీసుకుంటారా అని అడిగాడు. ఆయన ముందు చూపుకి నేనెందుకు డబ్బులు కట్టాలండీ?

ఇక్కడ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి మొదలవుతుంది.

ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, వాట్సాప్ తెరిస్తే చాలు, ఒకటే మాట. జనానికి క్రమశిక్షణ లేదు. చెప్తే వినరు. పాల ప్యాకెట్ కోసం రోడ్డెక్కుతారు. విన్నారా లేదా మీరు? మీలో సగం మంది అని కూడా ఉంటారు. నేనూ అన్నాను మొదటి వారం. కౌంటర్ వెనక కూర్చుని, అబ్బబ్బ ఈ జనం ఇళ్ళల్లో ఉండరేంటి అనుకున్నాను. రెండో వారానికి నాకే అర్థమైంది. ఎలా అర్థమైందంటే, నా ఖాతా పుస్తకం చూసుకుంటే.

మా కొట్టుకి రెండు రకాల మనుషులొస్తారు. ఒకళ్ళు చీటీ రాసుకొచ్చేవాళ్ళు. ఒకటో తారీఖు తర్వాత చీటీ ఇస్తారు. కందిపప్పు మూడు కేజీలు, మినప్పప్పు రెండు, నూనె ఐదు, సబ్బులు డజను, అలా. మళ్ళీ నెల దాకా వాళ్ళ మొహం కనపడదు. రెండో రకం చేతిలో ఉన్న డబ్బుల్ని బట్టి కొనేవాళ్ళు. పావుకేజీ పప్పు. పది రూపాయల కారం. ఐదు రూపాయల పసుపు ప్యాకెట్. వంద గ్రాముల నూనె. మన మంగళగిరి సంగతి మీకు తెలియంది కాదు, మగ్గం మీద బతికే ఊరు. మజూరీ వారానికొకసారి వస్తుంది. కూలిపని వాళ్ళకి ఏ రోజు డబ్బు ఆ రోజే వస్తుంది. డబ్బు రోజూ వచ్చేవాడు సరుకు కూడా రోజూ కొంటాడు. రోజూ కొనేవాడు రోజూ బయటికి వస్తాడు. వస్తాడా రాడా?

ఇప్పుడు చెప్పండి. నెల సరుకు ఇంట్లో ఉన్న మనిషి ఇరవై ఒక్క రోజులు గడప దాటలేదు. ఆయనకి క్రమశిక్షణ ఉందన్నారు. ఏ పూటకి ఆ పూట కొనుక్కునేవాడు ఇరవై ఒక్క రోజుల్లో ఇరవై సార్లు బయటికొచ్చాడు. వాడికి లేదన్నారు. వాడి దగ్గర లేనిది క్రమశిక్షణా, మూడు వేల రూపాయలా?

మీరు అనొచ్చు, ప్రభుత్వం రేషన్ ఇచ్చింది కదా అని. ఇచ్చింది. కాదనను. బియ్యం ఇచ్చారు, కేజీ పప్పు ఇచ్చారు, ఉచితంగానే. ఏప్రిల్ 4న ప్రభుత్వం పెట్టిన వార్డు వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి వెయ్యి రూపాయలు చేతిలో పెట్టారు. మా వీధి వాలంటీర్ ఇరవై రెండేళ్ళ పిల్ల, పాపం ఆ ఎండలో మెట్లెక్కుతూ దిగుతూ తిరిగింది. అయితే ఉట్టి బియ్యం ఎట్లా తింటారండీ? ఉప్పు కావాలి, చింతపండు కావాలి, తిరగమోతకి చుక్క నూనె కావాలి. చేతులు కడుక్కోండి కడుక్కోండి అంటున్నారు, సబ్బు కావాలి. బియ్యం ఇంటికొచ్చింది కాబట్టే కారం కోసం నా కొట్టుకి వచ్చారు.

ఒక సంగతి చెప్తాను. మా కొట్టు వెనక సందులో ఒకాయన షెడ్డులో మగ్గం నేసేవాడు. పేరెందుకులెండి. పొద్దున వచ్చి ఉప్పు ప్యాకెట్, నాలుగు గుడ్లు తీసుకెళ్ళాడు. పదిన్నరకి మళ్ళీ వచ్చాడు. ఎవరో పాత బాకీ యాభై రూపాయలు ఇచ్చారట, నూనె కొనుక్కుందామని వచ్చాడు. అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ గుర్తుపట్టాడు. పొద్దున వచ్చావుగా, మళ్ళీ ఏంట్రా అన్నాడు. ఈయన చెప్పబోయాడు. ఆ లోపే పిక్క మీద లాఠీ పడింది. నేను చూస్తూనే ఉన్నాను. ఏమన్నా అన్నానా? అనలేదు. కొట్టు మూయిస్తారేమోనని భయం. తర్వాత వాళ్ళ పాప చేతికి నూనె ప్యాకెట్ ఇచ్చి పంపించాను, అంతే నేను చేసింది.

ఆ కానిస్టేబుల్ చెడ్డవాడా అంటే, అదీ చెప్పలేను. ఆ అబ్బాయి ఇరవై రోజులుగా ఇంటికెళ్ళలేదు, చంటిబిడ్డ ఉందని. మధ్యాహ్నం వచ్చి మజ్జిగ ప్యాకెట్ కొనుక్కుని నా కొట్టు అరుగు మీదే తాగేవాడు. డబ్బులు ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. ఒక మనిషిని చూసి మంచోడు చెడ్డోడు అని రాసేసుకోవడం ఖాతా పుస్తకంలో పద్దు రాసుకున్నంత తేలిక కాదండీ.

సరే, కాస్త నవ్వుకునే సంగతులు కూడా ఉన్నాయి. అన్నీ ఏడుపు కబుర్లే చెప్తే మీరు లేచి వెళ్ళిపోతారు.

కొట్టు ముందు గుండ్రాలు గీయమన్నారు కదా, ఒక్కో మనిషి ఒక్కో గుండ్రంలో నిలబడాలని. మునిసిపాలిటీ వాళ్ళు సున్నంతో గీసి వెళ్ళారు. రెండు రోజులకి చెరిగిపోయింది. వీధుల్లో మందు పిచికారీ చేసేవాళ్ళు కదా, అదొచ్చి మిగిలింది కూడా కొట్టేసింది. ఇక రోజూ పొద్దున నేనే ముగ్గుపిండితో గీసేదాన్ని. నా చెయ్యి ఊరుకోదుగా, మూడో రోజు ఒక్కో గుండ్రంలో చిన్న పువ్వు వేశాను. ఒక ముసలాయన అందులో కాలు పెట్టనన్నాడు. ముగ్గు తొక్కకూడదు తల్లీ అన్నాడు. పక్కన నిలబడ్డాడు. వెనకవాళ్ళందరూ ఆయన్ని చూసి పక్కనే నిలబడ్డారు. గుండ్రాలన్నీ ఖాళీ, జనమంతా ఒక పక్కన గుంపు! మర్నాటి నుంచి పువ్వులు మానేశాను.

ఏప్రిల్ వచ్చేసరికి ఎండ. ఆ ఎండలో గుండ్రంలో ఎవరు నిలబడతారు? సంచులు పెట్టారు. చెప్పులు పెట్టారు. ఒకావిడ ఇటుక ముక్క పెట్టింది. మనుషులేమో వెళ్ళి వేపచెట్టు నీడన భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. సంచులు మాత్రం చక్కగా మూడడుగుల దూరం పాటించాయండీ. కరోనా మన చెప్పులకి రాలేదంటే అందుకే.

ఇంకో రకం ఉంటారు. నాది ఒక్కటే, ఒక్క పాల ప్యాకెట్టే, చిల్లర కూడా సరిగ్గా ఉంది, ఇచ్చేస్తే పోతా. ఈ ఒక్కటే అనేవాళ్ళు రోజుకి నలభై మంది. వాళ్ళు లైన్లోకి రారు. వాళ్ళు ఎప్పుడూ లైన్లో రాలేదు, కరోనాకి ముందూ రాలేదు.

మాస్కు సంగతి సరేసరి. మొదట్లో అందరూ తువ్వాళ్ళు, పమిటకొంగులు. తర్వాత మాస్కులొచ్చాయి. దారంతా పెట్టుకునే వస్తారు. నా ముందుకొచ్చి, ఏం కావాలో చెప్పడానికి కిందికి దించుతారు! అయ్యా, దారిలో కుక్కల దగ్గర పెట్టుకుని, మనిషి దగ్గర తీస్తారేంటండీ అని అడిగితే, మాట వినపడదేమోనని అమ్మా అంటారు. మీరు నవ్వుతున్నారు గానీ, మీరందరూ చేశారు. నేనూ చేశాను.

నోట్లు తీసుకోవాలంటే భయం. ఒకాయన పది రూపాయల నోట్లు డెటాల్ నీళ్ళలో ముంచి తడివే ఇచ్చేవాడు. నేను వాటిని తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేదాన్ని. మా అబ్బాయి అప్పుడే ఫోన్‌పే స్టిక్కర్ తెచ్చి అతికించాడు. అరవయ్యేళ్ళ కొట్టుకి అలా వచ్చింది ఫోన్‌పే. మా మామగారు ఉంటే ఏమనేవారో.

ఏం అమ్ముడుపోయాయో చెప్పమని లైబ్రేరియన్ గారు చీటీ పంపించారు. చెప్తాను. శొంఠి, మిరియాలు, పసుపు, లవంగాలు. నేను కొట్టు పట్టిన ఇన్నేళ్ళలో ఆ రెండు నెలల్లో అమ్మినన్ని మిరియాలు ఎప్పుడూ అమ్మలేదు. ఊరంతా కషాయం వాసన. బేకింగ్ పౌడర్ అని అడిగారు, కేకులట, కుక్కర్లో ఇసుక పోసి చేస్తారట. శానిటైజర్ 200 మిల్లీలీటర్లు వంద రూపాయలకి మించి అమ్మొద్దని కేంద్రం మార్చిలోనే రేటు కట్టేసింది, అంతవరకు బాగానే ఉంది. అయితే నాకు సరుకు ఇచ్చేవాడు నాకే నూట పాతికకి వేస్తానన్నాడు. వంద కంటే ఎక్కువకి అమ్మితే కేసు, తక్కువకి అమ్మితే నష్టం. అసలు తేవడమే మానేశాను. జనం ఏమనుకున్నారంటే దాచిపెట్టిందన్నారు.

దాచిపెట్టింది కూడా ఉంది, అబద్ధమెందుకు. బీడీలు. రాకపోకలు లేక బీడీ కట్టలు ఆగిపోయాయి. నా దగ్గర రెండు పెట్టెలున్నాయి. కట్ట మీద ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నాను. ఎవరి దగ్గర? చీటీ రాసుకొచ్చేవాళ్ళు బీడీ తాగరుగా. పావుకేజీ కొనేవాళ్ళ దగ్గరే తీసుకున్నాను. వారం రోజులు తీసుకున్నాను. తర్వాత మా ఆయనకి తెలిసి అన్నం తినకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆయనకి షుగరు, అన్నం మానకూడదు. అందుకని మానేశాను. మంచితనం వచ్చి కాదు.

అవును, అది చెప్పనే లేదు. కొట్టులో ఎప్పుడూ ఆయనే కూర్చునేవారు. షుగరున్నవాళ్ళకి ప్రమాదం అన్నారని ఆయన్ని వెనక గదిలో కూర్చోబెట్టి నేను ముందుకొచ్చాను. రెండు నెలలు ఆయన లోపల నుంచి అరుస్తూనే ఉన్నారు, శెనగపప్పు పైఅరలో ఉంది, రవ్వ డబ్బా మార్చావా అని. ఇప్పటికీ నేనే కూర్చుంటున్నాను. ఆయన దిగిపోయారు. ఇంటింటికీ ఏదో ఒకటి మారింది కదా, మా ఇంట్లో ఇది మారింది.

ఆవకాయ ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు! ఏప్రిల్ ఆఖరుకి ఆవపిండి అయిపోయింది, నువ్వుల నూనె అయిపోయింది. కాయలు తోపుడుబండి మీద వచ్చాయి. కాకపోతే ఏటా మార్కెట్ దగ్గర కత్తి వేసుకుని కాయ కొట్టిచ్చేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళు లేరు. ఇళ్ళల్లో మగవాళ్ళే కొట్టారు. ఆ ఏడాది ఊళ్ళో ఒక్క ముక్క సైజులో ఇంకో ముక్క లేదు. టెంక నలిగి జీడి ముక్కలు పచ్చడిలోకే. తిన్నారు, ఏం చేస్తారు.

ఆ తోపుడుబండి అబ్బాయి ఎవరనుకున్నారు? ఆటో నడిపేవాడు. ఆటో ఆపేశారు, కూరగాయలమ్ముకోవచ్చన్నారు. ఆయన వెనకే టిఫిన్ బండి ఆయన టమాటాలు పెట్టాడు. జూన్ జూలైకి ఒక ప్రైవేటు స్కూలు మాస్టారు కూడా వచ్చారు, స్కూటర్ మీద గుడ్ల అట్టలు కట్టుకుని. నా దగ్గర ఐదు రూపాయల లాభానికి గుడ్లు తీసుకుని అపార్టుమెంట్లకి వేసేవారు. మా అబ్బాయికి లెక్కలు చెప్పిన మనిషి. నేను మాస్టారూ అని పిలిస్తే, ఇక్కడ అలా పిలవకమ్మా అన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. చెప్తాను.

మొదట్లో పేపర్లో సామాజిక దూరం అని రాశారు. గుర్తుందా? తర్వాత భౌతిక దూరం అన్నారు. మాట ఎందుకు మారిందో నాకు అప్పుడు తెలియలేదు. దూరం దూరమే కదా అనుకున్నాను. మా కొట్టుకి పాతిక ముప్ఫై ఏళ్ళుగా వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు, దళితుల పేట నుంచి వస్తాడు. నేను కొత్తగా ప్లాస్టిక్ ట్రే పెట్టి, డబ్బులు అందులో వెయ్యండి, సరుకు అందులోనే పెడతాను అంటే ఆయన నవ్వాడు. ఇప్పుడు అందరికీ వచ్చిందమ్మా ఇది, మాకు మీ అత్తగారప్పటి నుంచే ఉంది అన్నాడు.

నిజం. మా అత్తగారు కొట్టులో కూర్చునే రోజుల్లో నేను కొత్త కోడల్ని. కొంతమందికి సరుకు చేతికి తగలకుండా పైనుంచి సంచిలో వేసేది. డబ్బులు గట్టు మీద పెట్టమనేది, నీళ్ళు చిలకరించి తీసుకునేది. నేను చూశాను. ఏమీ అనలేదు, కోడల్ని కదా. ఆ పెద్దాయన మర్చిపోలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత నవ్వుతూ చెప్పాడు. నాకు తల ఎత్తాలనిపించలేదు.

అది జరిగిన నెలకో ఎప్పుడో, మా వీధిలోనే ఒకింట్లో పాజిటివ్ వచ్చింది. సందు మొదట్లో సర్వీ కర్రలు అడ్డం కట్టారు. గేటుకి కాగితం అంటించారు. వీధిలో పిల్లలు ఆ కాగితం ముందు నిలబడి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. మా అమ్మ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు ఎవరింట్లో అయినా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళట. ఆ మండ చూసి లోపలికి ఎవరూ పోరు. అయితే అరుగు మీద మజ్జిగ ముంత పెట్టి వెళ్ళేవాళ్ళట, ఎవరు పెట్టారో కూడా చెప్పకుండా. అప్పుడంతా మంచే జరిగిందని నేననను, మా అమ్మ చెల్లెలు ఆ జబ్బుతోనే పోయింది. ఆ కాగితాన్నీ ఆ వేపమండనీ పక్కపక్కన పెట్టి చూసుకున్నానంతే. ఇళ్ళకి అలా కాగితాలు అంటించొద్దని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అధికారులు చట్టప్రకారం ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప. అప్పటికి మా వీధి కాగితం వానకి ఊడిపోయి చాలా రోజులైంది.

ఆ ఇంటావిడ తగ్గాక, నెగెటివ్ కూడా వచ్చాక, కొట్టుకొచ్చింది. వంద నోటు చాపింది. నేను ట్రే ముందుకి తోశాను. తప్పులేదు, అందరికీ ట్రేనే. అయితే ఆవిడ ముందు వచ్చినావిడ దగ్గర నేను చేత్తోనే తీసుకున్నాను. ఆవిడ చూసింది. ఏమీ అనకుండా ట్రేలో వేసి వెళ్ళిపోయింది. తర్వాత మూడు నెలలు వేరే కొట్టుకి వెళ్ళింది. మా అత్తగారిని నేను చాలా అనుకున్నాను మనసులో. ఆ రోజు మా అత్తగారు నా చేతిలోనే ఉంది.

కొంచెం నీళ్ళివ్వండి.

మన ఊరి పక్కనుంచే హైవే కదా. మే నెలలో చెన్నై వైపు నుంచి నడుచుకుంటూ వచ్చినవాళ్ళని మీరూ చూశారు. ఒరిస్సా, బీహార్, బెంగాల్ వెళ్ళేవాళ్ళు. కొందరు కొత్త సైకిళ్ళు కొనుక్కుని వచ్చారు. వాళ్ళకి దారిలో అన్నం నీళ్ళు పెట్టాలని హైకోర్టు కూడా చెప్పింది. అంతకు ముందే మన మగ్గాల వాళ్ళు వెళ్ళి పులిహోర పొట్లాలు, మజ్జిగ ఇచ్చారు. ఆ పులిహోరకి చింతపండు ఎవరి దగ్గర కొన్నారు? నా దగ్గరే, అప్పుకి! ఇంట్లో నూనె లేనివాళ్ళు అప్పు చేసి హైవే మీద పులిహోర పెట్టారండీ. ఇది ఏ లెక్కలోకి వస్తుందో మీరు చెప్పండి, నా పుస్తకంలో మాత్రం బాకీ కిందే రాశాను.

వాళ్ళలో ఒకబ్బాయి కొట్టు దాకా వచ్చాడు, హైవే దిగి. తెలుగు రాదు. చెప్పులు చూపించాడు, అడుగు ఊడిపోయింది. నేను చెప్పులమ్మను. మా ఆయన లోపల నుంచి తన చెప్పులు పట్టుకొచ్చి ఇచ్చారు. ఒక సైజు పెద్దవి. వేసుకుని వెళ్ళాడు. చేరాడో లేదో మరి.

మే 4న వైన్ షాపులు తెరిచారు. మార్చి 22 నుంచి లెక్కేస్తే నలభై మూడు రోజులు. రేట్లు మొత్తం మీద 75 శాతం పెంచారు. అయినా లైను ఎంతుందో మీకు తెలుసు. ఆ లైన్లో నాకు ఒక్కసారిగా చీటీ రాసుకొచ్చేవాళ్ళు కూడా కనపడ్డారు! ఇరవై ఒక్క రోజులు గడప దాటని పెద్దమనుషులు. దీని గురించి ఇంకేం మాట్లాడను, ఇక్కడ అన్నదమ్ములున్నారు. ఆ నలభై రోజులూ రాత్రిళ్ళు వీధిలో గొడవ లేదని ఆడవాళ్ళు నాతో చెప్పుకున్నారు, అది మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఖాతా పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. నూలు రాలేదు, నేసిన చీరలు తీసుకునేవాళ్ళు లేరు, మగ్గాలు ఆగాయి. మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా నా పుస్తకంలో 61 పేర్లు ఎక్కాయి. నాకు సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్ళేమో అప్పు లేదు, రొక్కమే అన్నారు. కాబట్టి నా రెండు గాజులు బ్యాంకులోకెళ్ళాయి. దయ అనుకోకండి. వాళ్ళు కొనకపోతే నా కొట్టు ఎలా నడుస్తుంది? వాళ్ళు లేచి నిలబడితేనే నా బాకీ వస్తుంది. జూన్ 20న, అప్పట్లో ప్రభుత్వం నేతవాళ్ళకిచ్చిన నేతన్న నేస్తం డబ్బులు 24 వేలు పడ్డాయి. ఆ వారంలో నేను కొట్టేసినన్ని పద్దులు నా జన్మలో కొట్టేయలేదు. పొద్దున్నే షట్టర్ ఎత్తకముందే వచ్చి నిలబడ్డారు, బాకీ ఎంతో చూడమ్మా అని. అయితే అది సొంత మగ్గం ఉన్నవాళ్ళకే. షెడ్డులో వేరేవాళ్ళ మగ్గం మీద నేసేవాళ్ళకి రాలేదు. నేను చెప్పిన ఆ నూనె ప్యాకెట్ ఆయనకి రాలేదు. ఆయన దసరా దాకా పాతిక, యాభై అలా కట్టుకుంటూ వచ్చాడు. లాఠీ దెబ్బ తిన్న రోజు పంపిన నూనె ప్యాకెట్‌కి కూడా డబ్బులిచ్చాడు. వద్దంటే ఊరుకోలేదు, పుస్తకంలో రాయించి, కొట్టేయించుకుని వెళ్ళాడు.

ఏంటమ్మా? ఆ, ఆ అమ్మాయి అడుగుతోంది, బాకీలన్నీ వచ్చాయా అని. 61లో 57 వచ్చాయి. ఒకళ్ళు రెండోసారి కరోనా వచ్చినప్పుడు, 2021 మేలో పోయారు, ఆ పేజీ నేనే చించేశాను. ఇద్దరు ఊరు విడిచి వెళ్ళారు, ఎప్పటికైనా పంపిస్తారు, ఆ నమ్మకం నాకుంది.

ఇంకొకటి ఉంది. ఆ మొదటి రాత్రి, ఉగాది ముందు రోజు, షట్టర్ బాది తీయించి, ముప్ఫై కేజీల పిండి తీసుకున్నాయన. మిగతా సరుకంతా కలిపి ఐదు వేల ఆరు వందలు. తొందర్లో పర్సు మర్చిపోయానమ్మా, రేపు పంపిస్తా అన్నారు. పురుగు పట్టిన పిండి తిరిగి తెచ్చినప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. పేరు చెప్పను. ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటారు.

మరి నేను వెళ్ళాలండీ. ఆయన ఒక్కరే ఉన్నారు కొట్టులో, రవ్వ డబ్బా ఎక్కడుందో ఇప్పుడు ఆయనకి తెలియదు.